గొట్టం మూతికి పసుపు

బెంగళూరు,
14 మే 2003

చిన్నాయనా,

ఫోన్ చేస్తే "ఊఁ, సరే, పెట్టేస్తా" అంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చివరిదాకా చదువు.

పోయిన ఆదివారం దొడ్డవంకకు వచ్చాను. నువ్వు వార్త రాయడానికి మంత్రి కరువు పర్యటన వెంట పోయావని కళ్యాణదుర్గం బస్టాండులో పేపరు ఏజెంటు చెప్పాడు. నాతో తేజ, ఇంకో ఇద్దరు అబ్బాయిలు ఉన్నారు.

ఎందుకు వచ్చామో చెప్పాలంటే పాటల నుంచి మొదలుపెట్టాలి. నేను వినేవి విని ఉగాదికి నువ్వు "ఇది పాటా, తగాదానా?" అన్నావు. తగాదానే. దాన్ని పంక్ అంటారు. రెండు నిమిషాల్లో అయిపోతుంది. గిటారు కొన్న వారానికే స్టేజీ ఎక్కవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ పాటలు నేను మొదట విన్నది స్కేట్‌బోర్డు సినిమాల్లో. వాటిలో హీరో ఉండడు, కథ ఉండదు. స్నేహితుల్లో ఒకడు చిన్న కెమెరా పట్టుకుంటాడు. మిగతావాళ్ళు చక్రాల పలక మీద మెట్లు దూకుతారు, పడతారు, మోచేతులు చీరుకుపోతాయి, లేచి మళ్ళీ దూకుతారు. పడింది కూడా సినిమాలో ఉంచుతారు. నాకు నచ్చింది అదే.

ఒకదాంట్లో ఒక ముసలాయన చెప్పాడు. అమెరికాలో ఒకచోట రెండేళ్ళు వాన లేక ఇళ్ళలో ఈత తొట్లు ఎండిపోతే, పిల్లలు ప్రహరీలు దూకి వాటిలో ఈ ఆట ఆడారట. ఆ మాట వినగానే నాకు మన ఊరు గుర్తొచ్చింది. కరువు మనకు కొత్తా? ఎండిన తొట్టి మనకు లేదా? ఎండాకాలానికి తాగునీళ్ళు నిలవ పెడతామని మూడేళ్ళ కింద కట్టిన ఎస్.ఎస్. ట్యాంకు ఉంది కదా! నాలుగు వైపులా వాలుగా సిమెంటు పలకలు, అడుగున బండపరుపు. బెంగళూరులో ఇలాంటి చోటు వెతికి వెతికి మేము చచ్చాము.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆడాము. తేజ వీడియో తీశాడు. ఎండకు కెమెరా బ్యాటరీలు కాలిపోతున్నాయని సంచులు, చెప్పులు నీళ్ళు వచ్చే గొట్టంలో పెట్టాము. వెనక మూసుకుపోయి ఉంటుంది కదా, లోపల చల్లగా ఉంది.

అప్పుడే ఊరంతా పెద్దక్క అని పిలిచే ఆమె వచ్చింది. "యాడోళ్ళురా మీరు? గంగమ్మ నోట్లో చెప్పులు పెడ్తారేంరా, మీ కాళ్ళిరగ!" అంటూ రాయి విసిరింది. నేను తిమ్మప్ప కూతురినని చెప్పే లోపలే నా బోర్డు లాక్కుని పోయింది. "ఈ చక్రాల పీట నా ఇంట్లో ఉంటాది. మీ నాయన్ను పంపు, ఇస్తా" అంది. నన్ను మగపిల్లాడు అనుకుంది. జుట్టు కత్తిరించుకున్నాను, నీకు తెలియదు.

ఆ బోర్డు తెప్పించి పంపు.

ఆశ్రిత


కళ్యాణదుర్గం,
22 మే 2003

ఆశ్రితకు, చిన్నాయన రంగన్న రాసేది.

నీ జాబు నాకు పదిహేడున అందింది. దానికి నాలుగు రోజుల ముందే మా పేపరు జిల్లా పేజీలో ఇది వచ్చింది. కత్తిరించి అంటిస్తున్నాను.

"దొడ్డవంక, మే 12: గ్రామ తాగునీటి ట్యాంకులోకి ఆదివారం బెంగళూరుకు చెందిన నలుగురు యువకులు బూట్లతో దిగి చక్రాల పలకలపై ఆటలాడారు. గంగమ్మకు పూజ చేసే చోట పాదరక్షలు ఉంచడంతో మహిళలు ఆగ్రహించి వారిని తరిమివేశారు."

రాసింది నేనే. నలుగురిలో ఒకరు మా అన్న కూతురని నాకు తెలియదు. తెలిసినా రాసేవాణ్ణి. జరిగింది జరిగినట్టు రాయడం నా పని.

నీకు తెలియని విషయం ఒకటి చెప్తాను. ట్యాంకు కట్టిన ఏడు నుంచి మృగశిర కార్తెలో దొడ్డవంక ఆడవాళ్ళు ఆ గొట్టం మూతికి పసుపు, కుంకుమ పెట్టి, తలా ఒక బిందె నీళ్ళు దాని ముందు పోస్తారు. గంగమ్మకు దావ చూపించడం అంటారు, నీళ్ళ తల్లికి దారి చూపడమన్నమాట. ఆ నీళ్ళు ట్యాంకరు దగ్గర జుట్లు పట్టుకుని కొట్లాడి తెచ్చినవి. అవి పోసిన చోట మీరు చెప్పులు విడిచారు. పెద్దక్క విసిరింది చిన్న రాయి. నేనైతే పెద్దది విసిరేవాణ్ణి.

అమెరికాలో ఈత తొట్లు ఎండితే పిల్లలు ఆడుకున్నారన్నావు. వాళ్ళకు తాగడానికి వేరే నీళ్ళు ఉన్నాయి. ఈత తొట్టి ఎండటం, తాగే తొట్టి ఎండటం ఒకటి కాదు. ఇంత చిన్న తేడా తెలియని పాటలు ఎంత గట్టిగా అరిస్తే ఏం లాభం?

బోర్డు అడిగాను. పెద్దక్క ఇవ్వనంది.

రంగన్న


బెంగళూరు,
30 మే 2003

చిన్నాయనా,

నువ్వు అంటించిన ముక్క చదివాను. "నలుగురు యువకులు." నలుగురిలో ఒకతెను నేను. ఒక ఆడపిల్ల. జరిగింది జరిగినట్టు రాస్తానని గొప్పలు పోయే నీకు మొదటి వాక్యంలోనే తప్పు దొర్లింది. ఎవరిని అడిగి రాశావు? మమ్మల్ని అడగలేదు. బస్టాండులో ఎవరో చెప్పింది రాశావు.

గొట్టానికి పూజ చేస్తారని నాకు తెలియదు. తెలిసి ఉంటే సంచులు అక్కడ పెట్టేదాన్ని కాదు. పెద్దక్క కనిపిస్తే ఆ మాట ఆమెకే చెప్తాను. నీకు మాత్రం చెప్పను. ఆమెకు కోపం రావడానికి కారణం ఉంది. నీకు ఏం కారణం ఉంది? తాగే తొట్టిని ఎండబెట్టింది మేమా? అది మూడేళ్ళుగా ఎండి ఉంటే నీకు వార్త కాలేదు. మేము ఒక పూట దాంట్లో దిగితే వార్త అయింది. ఈ పాటలు ఎందుకు పుట్టాయో తెలుసా? ఇందుకే పుట్టాయి. పేపర్లో రానిదాన్ని అరిచి చెప్పడానికి.

ఇంకొకటి. నాయన నాతో మాట్లాడటం మానేశాడు. ఆయన బేల్దారి పని చేసే చోట, కూలీల మధ్య ఆ పేపరు చేతులు మారిందట. "నీ కూతురంట గదా తిమ్మప్పా, గంగమ్మ నోట్లో చెప్పులు పెట్టింది" అని మేస్త్రీ అన్నాడట. పేపరులో పేరు లేదు. నా జాబు చదివింది నువ్వు ఒక్కడివే. మరి వాళ్ళకు పేరు ఎలా తెలిసింది? సొంత అన్నకు పేపరు పంపి పంచాయితీ పెట్టించావా?

జాబు రాయకపోయినా పరవాలేదు.

ఆశ్రిత


కళ్యాణదుర్గం,
10 జూన్ 2003

ఆశ్రితకు,

రాయకపోయినా పరవాలేదన్నావు. రాయక తప్పని పరిస్థితి వచ్చింది.

ముందు నీ ఆరోపణ. అన్నకు పేపరు నేను పంపలేదు. మన మండలంలో సగం మంది బెంగళూరులో సిమెంటు కలుపుతున్నారు. బస్సు డ్రైవరు సీటు పక్కన పేపరు పెట్టుకుని పోతాడు. తేజ బస్టాండు హోటల్లో నిన్ను పేరు పెట్టి పిలిచాడు, హోటలు ఎర్రన్న విన్నాడు. ఇది విచారించి తెలుసుకున్నాను. నువ్వు విచారించకుండా నన్ను తప్పుపట్టావు.

రెండోది. నేను రెండు పేరాలు పంపాను. రెండో పేరా ఇది: "మూడేళ్ళ కిందట నిర్మించిన ఈ ట్యాంకుకు ఇంతవరకు చుక్క నీరు చేరలేదు. వర్షాభావంతో హగరి నది ఎండిపోవడమే కారణమని అధికారులు తెలిపారు." చోటు లేదని అనంతపురం డెస్కు వాళ్ళు దాన్ని కోసేశారు. వార్తను కింది నుంచే కోస్తారు. అది నా చేతిలో లేదు.

మూడోది, అసలు సంగతి. ట్యాంకు కట్టిన కాంట్రాక్టరు మల్లికార్జున నా వార్త పట్టుకుని పోలీసు స్టేషనుకు పోయాడు. ఫిర్యాదులో ఏముందంటే, ఈ కార్తెలో నీళ్ళు వదలడానికి ట్యాంకు సిద్ధంగా ఉండగా బెంగళూరు యువకులు ఇనుప చక్రాలతో అడుగు పగలగొట్టారు, మరమ్మతు అయ్యేదాకా నీళ్ళు నింపడం కుదరదు అని. నీళ్ళ శాఖ ఆఫీసువాళ్ళు కూడా అదే మాట రాసి పంపారు. ఊళ్ళో ఇప్పుడు అందరూ మీ నలుగురినీ తిడుతున్నారు. ట్యాంకరు రాని రోజు మరీ తిడుతున్నారు.

ఎస్సై నన్ను పిలిచి, "ఏమప్పా రిపోర్టరూ, నువ్వే రాస్తివి గదా, ఆ నలుగురి పేర్లు చెప్పు" అన్నాడు. తెలియదన్నాను. ఉద్యోగంలో నేను చెప్పిన మొదటి అబద్ధం అది.

నా మాట విను. ఊరి పెద్దల పేర క్షమాపణ రాసి పంపు. నేను చదివి వినిపిస్తాను. గొడవ సద్దుమణుగుతుంది. డిగ్రీ చదివే పిల్లవు, నీ మీద కేసు ఉండకూడదు.

రంగన్న


బెంగళూరు,
18 జూన్ 2003

చిన్నాయనా,

క్షమాపణ రాయను.

మా చక్రాలు ఇనుపవి కావు. రబ్బరు లాంటివి. సిమెంటు మీద రుద్దితే చక్రమే అరుగుతుంది. కావాలంటే పెద్దక్క ఇంట్లో ఉన్నదాన్ని తిప్పి చూడు. నువ్వు చూడవు. "ఇనుప చక్రాలతో" అని మల్లికార్జున అంటే నువ్వు ఆ మాటే జాబులో రాసి పంపావు.

నీ రెండో పేరా చదివాను. డెస్కు కోసేసిందని బాధపడుతున్నావు. కోసి మంచి పని చేసింది. "హగరి ఎండిపోవడమే కారణమని అధికారులు తెలిపారు." వాళ్ళు తెలిపితే నువ్వు రాసేశావు. కరువు అన్న మాట వినిపిస్తే చాలు, మన జిల్లాలో ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు. నువ్వూ అడగవు.

నా మొదటి జాబు తీసి మళ్ళీ చదువు. సంచులు గొట్టంలో పెట్టాము, వెనక మూసుకుపోయి ఉంది అని రాశాను. అప్పుడు నాకూ తట్టలేదు. గొట్టం ఎక్కడైనా అలాగే ఉంటుందేమో అనుకున్నాను. ఇప్పుడు చెప్పు, నీళ్ళు వచ్చే గొట్టం వెనక ఎందుకు మూసుకుపోతుంది? నా చేయి భుజం దాకా కూడా పోలేదు, మట్టి తగిలింది. నువ్వు చెప్పుల గురించి ఒక పేజీ తిట్టావు, ఆ మాట మాత్రం వదిలేశావు. మూడేళ్ళుగా ఊరంతా దాని మూతికి పసుపు పెడుతున్నారు. పసుపు పెట్టిన చోట చేయి పెట్టరు. మల్లికార్జునకు అంతకంటే ఏం కావాలి?

పోయి చేయి పెట్టి చూడు. లేకపోతే రిపోర్టరునని చెప్పుకోవడం మానేయి.

తేజ, నేను ఒక కాగితం తయారుచేశాము. పంక్ వాళ్ళు ఇలాగే చేస్తారు. పేపరు వేయకపోతే చేత్తో రాసి, జిరాక్సు తీసి, గోడలకు అంటిస్తారు. ఒకటి పెడుతున్నాను. నీకు దమ్ముంటే అంటించు.

ఆశ్రిత


కళ్యాణదుర్గం,
3 జూలై 2003

ఆశ్రితకు,

నువ్వు ఇరవై ఏడున స్టేషనుకు వచ్చి, నీ పేరు నువ్వే రాయించి పోయావని ఎస్సై చెప్పాడు. "నలుగురు యువకులు కాదు సార్, ముగ్గురు, నేను" అన్నావట. నీ పక్కన అన్న నిలబడి ఉన్నాడట. స్టేషనుకు, నా ఇంటికి మధ్య ఒక వీధి ఉంది. నా ఇంటికి మీరిద్దరూ రాలేదు.

ఆ రోజు నేను దొడ్డవంకలో ఉన్నాను. జరిగింది రాస్తాను.

పెద్దక్కను వెంటబెట్టుకుని ట్యాంకులోకి దిగాను. చెప్పులు కట్ట మీదే విడిచాను.

"పెద్దక్కా, గొట్టంలో కట్టె పెట్టి చూస్తా."

"చూసేదానికేముండాది రంగన్నా? అమ్మ వచ్చే దావ అది."

"దావ ఉండాదో లేదో చూడాల గదా."

"ఆ కోడిబొచ్చు పిల్ల చెప్పులు పెట్టె. నువ్వు కట్టె పెడ్తానంటాండావు. మీ వంశమంతా ఇంతేనా?"

అంటూనే నా చేతిలో కట్టె లాక్కుంది. దండం పెట్టి తానే లోపలికి తోసింది. కట్టె సగం కూడా పోలేదు. ఇంకోసారి గట్టిగా పొడిచింది. ఎర్రమట్టి రాలి ఆమె కాళ్ళ మీద పడింది.

కట్ట అవతలికి పోయాము. గొట్టం బయటికి రావలసిన చోట ఇద్దరు మనుషులతో తవ్వించాను. గొట్టం లేదు. పొలంలో ఇంకాస్త దూరం తవ్వించాను. అక్కడా లేదు. లోపల కనపడేది సిమెంటులో అమర్చిన ఒక్క ముక్క. వెనక మట్టికట్ట.

మరుసటి రోజు గుమ్మఘట్ట వైపు పోయి, హగరి ఇసుకలో ఈ ట్యాంకు కోసమే తవ్విన బావి చూశాను. ఒకాయన గొర్రెలకు నీళ్ళు తోడుతున్నాడు. ఈ బావి ఎప్పుడైనా ఎండిందా అని అడిగాను. "ఏ, లేదప్పా. పైన ఏరు ఎండితే ఎండె. ఇసుక కింద నీళ్ళు యాడికి పోతాయి?" అన్నాడు. నది ఎండింది నిజం. బావి ఎండలేదు. బావికి, ట్యాంకుకు మధ్య పైపు లేదు. పైపు వేసినట్టు మల్లికార్జున బిల్లు తీసుకున్నాడు.

బోర్డు కూడా తిప్పి చూశాను. చక్రాలు రబ్బరువే.

వార్త రాసి పంపాను. ఆఫీసువాళ్ళను అడిగితే "పరిశీలిస్తాం" అన్నారు, అదీ రాశాను. నాలుగు రోజులైంది. వేయలేదు. ఫోన్ చేస్తే డెస్కులో "అన్నా, జిల్లా అంతా కరువే గదా, ఒక ఊరి గొట్టం ఏం వార్త?" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా నేను ఫోను గట్టిగా పెట్టింది లేదు. ఆ రోజు పెట్టాను.

నీ కాగితం తీశాను. దాని నిండా తిట్లే. అన్నీ కొట్టేశాను. "దొంగలు", "నీచులు", "రాక్షసులు" తీసేసి, నేను చూసిన బావి సంగతి చేర్చితే చివరికి తయారైంది ఇది: "దొడ్డవంక ట్యాంకుకు పైపు ఎక్కడ? బావిలో నీళ్ళున్నాయి. ట్యాంకులో గొట్టం ముక్క ఉంది. మధ్యలో పైపు ఎవరి ఇంట్లో ఉంది?" జిరాక్సు తీసి బస్టాండులో, ఎర్రన్న హోటల్లో, రాయదుర్గం బస్సు వెనక అంటించాను. కింద నా పేరు రాశాను.

పెద్దక్క సంగతి చెప్పాలి. కట్ట అవతల గుంతలోకి వంగి చూసింది. "మూడేండ్లు. బిడ్డల గొంతులో పోయకుండా దీని నోట్లో పోస్తిమి గదప్పా" అంది. మళ్ళీ ట్యాంకులోకి దిగి, కొంగుతో గొట్టం మూతికున్న పసుపు తుడిచేసింది.

రంగన్న


బెంగళూరు,
11 జూలై 2003

చిన్నాయనా,

తిట్లు ఎందుకు కొట్టేశావు? అవి ఊరికే రాయలేదు.

నీ ఇంటికి నేను రాలేదు, నాయన రానివ్వలేదు. "వాడు క్షమాపణ రాయమన్న ఇంటికి పోయేది లేదు" అన్నాడు. ఆ రోజు స్టేషను నుంచి బస్టాండు దాకా ఆయన నాతో అన్న మాట అదొక్కటే. ఎవరి మీద కోపంతో అన్నాడో నాకు అర్థం కాలేదు. నీకు అర్థమవుతుందేమో.

కేసు ఇంకా ఉంది. ఈ నెల చివర మళ్ళీ రమ్మన్నారు. నా పేరు పోలీసు పుస్తకంలో ఉంది. మల్లికార్జున పేరు ఎక్కడా లేదు. కాగితాలు అంటించినంత మాత్రాన నాకు కోపం పోదు.

పెద్దక్కకు చెప్పు, తెలియక చెప్పులు పెట్టానని. ఇది క్షమాపణే. ఆమెకు మాత్రమే.

ఆశ్రిత


కళ్యాణదుర్గం,
4 ఆగస్టు 2003

ఆశ్రితకు,

నీ మాట పెద్దక్కకు చెప్పాను. "ఆ పిల్ల చెప్పులు పెట్టబట్టే గదా తెలిసె. లేకుంటే సచ్చేదాకా పూజ చేస్తాంటిమి" అంది.

గొట్టం పూజ ఇక మానేశారు. పోయిన నెల ఇరవై ఐదో తేదీ, ఆషాఢ శుక్రవారం, దొడ్డవంక ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకుని కళ్యాణదుర్గం వచ్చారు. ముందు పెద్దక్క, తాడు కట్టి నీ చక్రాల పీటను లాక్కుంటూ వచ్చింది. దాని మీద రెండు బిందెలు. రోడ్డు బాగున్నచోట లాగిందట, గుంతలు వచ్చినచోట నెత్తిన పెట్టుకుందట. నేను వాళ్ళ వెనక నడిచాను.

ఆఫీసుకు పోతారనుకున్నాను. పోలేదు. నేరుగా మల్లికార్జున ఇంటికి పోయారు. వాకిట్లో కొళాయి ఉంది. పెద్దక్క దానికి పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. ఆడవాళ్ళు తలా ఒక బిందె దాని ముందు పోశారు. మల్లికార్జున బయటికి వచ్చి "ఏమే ఇది? ఎవరు రమ్మనిరి మిమ్మల్ని?" అని అరిచాడు.

"అరుస్తావేమప్పా? పూజకొచ్చినాము. మూడేండ్లు మా గొట్టం కాడ పిలిస్తిమి, అమ్మ రాలే. విచారిస్తే నీ ఇంట్లో ఉండాదని తెలిసె."

అతను కొళాయి కడగమని పనిమనిషికి చెప్పాడు. ఆమె కదల్లేదు. అప్పుడు లోపలి నుంచి అతని తల్లి నారాయణమ్మ వచ్చింది. కొళాయిని చూసింది. ఒంగి దానికి మొక్కింది.

"ఎవురూ ముట్టద్దండి. గంగమ్మ కూర్చున్న కొళాయి. వాళ్ళ ఊరికి నీళ్ళు పోయేదాకా ఈ ఇంట్లో ఎవురైనా దీన్ని తిప్పితే నా శవాన్ని దాటి తిప్పాల" అంది. కొడుకు ఏదో అనబోతే, "నువ్వు నోరు మూసుకోరా" అంది.

ఆ రోజు నుంచి మల్లికార్జున ఇంటికి నీళ్ళు ట్యాంకరులో వస్తున్నాయి. వీధివీధంతా చూస్తోంది.

ఈ వార్త పంపాను. "నలుగురు యువకులు" అని నేను రాసింది తప్పని మొదటి పేరాలో రాశాను. పైపు లేదన్నది రెండో పేరాలో పెట్టాను. డెస్కుకు ఫోన్ చేసి, కొయ్యాలంటే మొదటిది కొయ్యండి అన్నాను. రెండూ వేశారు.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని మల్లికార్జున ఎస్సైతో అన్నాడట. తీసుకున్న కాగితం నేను ఇంకా చూడలేదు. చూశాక నమ్ముతాను. నువ్వూ చూశాకే నమ్ము. నిన్న రెండు లారీల పైపులు ట్యాంకు దగ్గర దింపారు. కందకం ఇంకా తవ్వలేదు. పొద్దున, సాయంత్రం పోయి చూసి వస్తున్నాను.

అన్న కోపం నీ మీద కాదు, నా మీదని నాకు అర్థమైంది. ఆ సంగతి ఆయనతోనే మాట్లాడతాను. ఆదివారం బెంగళూరు వస్తున్నాను.

బోర్డు తేవడం లేదు. అడిగాను. నీళ్ళు వచ్చేదాకా బిందెలకు పనికొస్తుందంట. వచ్చినాక ఇస్తావా అంటే, "ఆ పిల్లనే రమ్మను. ట్యాంకు నిండేలోపల ఇంగొకసారి ఆడుకోని పోనీ. చెప్పులు మాత్రం కట్ట మీదే ఇడ్సాల" అంది.

రంగన్న